నాన్న సరిచేసిన గిటార్

జనవరి నెలలో ఢిల్లీ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో తెల్లవారడమంటే ఇంట్లో లైటు వేయడమే. కిటికీ అవతల పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. పార్థసారథి పాల బూత్ నుంచి పాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. మంకీ క్యాప్ కూడా తియ్యకుండా ముందుగదిలోకి వెళ్లి, గోడకి ఆనించి ఉన్న గిటార్‌ని ఒళ్లోకి తీసుకుని, మెత్తటి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. పదిహేను నెలలుగా ఆ ఇంట్లో రోజూ జరిగే మొదటి పని అదే. దేవుడి దగ్గర దీపం కూడా దాని తరవాతే.

అది అతని కొడుకు కిరీటి వాయించిన ఎలక్ట్రిక్ గిటార్. తొంభై ఆరు అక్టోబరులో ఢిల్లీ అంతా డెంగ్యూ జ్వరాలతో మంచం పట్టినప్పుడు, కిరీటి తొమ్మిది రోజులు మూలిగి, ఇరవై రెండేళ్లకే పోయాడు. బట్టలు ఎవరెవరికో ఇచ్చేశారు. పుస్తకాలు కట్టలు కట్టి అటకెక్కించారు. గిటార్ మాత్రం ముందుగదిలోనే ఉండిపోయింది. అప్పుడప్పుడు కిరీటి చెల్లెలు వర్షిణి తీసి వాయిస్తుంది. అందుకు తండ్రి అభ్యంతరం చెప్పలేదు. అలాగని ఆమె వాయిస్తున్నప్పుడు ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు.

పార్థసారథి ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఫైలు తాడు నుంచి చెప్పుల జత దాకా ఏది పక్కకి జరిగినా అతనికి ఊపిరాడదు. గిటార్ తుడవడంలోనూ అతనికో పద్ధతి ఉంది. తీగలు వచ్చి ఆనే ఇనప పలకని బ్రిడ్జి అంటారు. దాని చుట్టూ ఎంతో శ్రద్ధగా తుడుస్తాడు గాని, దాని మీద మాత్రం గుడ్డ పడనివ్వడు. అక్కడ ఒక పక్క తుప్పు మరక ఉంది. కిరీటి వాయించేటప్పుడు అరచెయ్యి ఆనించే చోటు అది. వాడి చెమటకి పట్టిన తుప్పు. ఆ మరక ఉన్నంతకాలం వాడి చెయ్యి ఇంకా ఇంట్లో ఉన్నట్టే అతనికి అనిపించేది.

భార్య అరుంధతి టీ గ్లాసులు తెచ్చింది. వర్షిణి శాలువా కప్పుకుని వచ్చి ఎడమచేత్తో గ్లాసు అందుకుంది.

"కుడిచేత్తో పట్టుకోవే, ఒలుకుతుంది," అంది తల్లి.

వర్షిణి కుడిచెయ్యి శాలువాలోకి లాక్కుంది. అరుంధతికి అనుమానం వచ్చి ఆ చెయ్యి పట్టి లైటు కిందికి తిప్పింది. చిటికెన వేలి కింద, అరచేతి అంచున, చర్మం చీరుకుపోయి ఉంది. పాత గాయం మీదే కొత్త గాయం.

"ఇదేంటే, మొన్నేగా మానింది?"

"బ్రిడ్జి మీద స్క్రూలు పైకి లేచి ఉన్నాయమ్మా. ఆరు తీగలకీ పన్నెండు స్క్రూలు. చెయ్యి ఆనించి వాయించాలి కదా, ఆనిస్తే చాలు గీరుకుపోతోంది." వర్షిణి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఆ బ్రిడ్జి ఒక్కటీ మారుద్దాం. ప్లీజ్. పైన నున్నగా ఉండేవి వస్తున్నాయి ఇప్పుడు. అదీగాక శ్రుతి కూడా కలవట్లేదు. కింద వాయిస్తే ఠీక్ హై, పై మెట్లకి వెళ్లేసరికి ప్రతి స్వరం అపస్వరమే. కాలేజీ ఫెస్టుకి పది రోజులే ఉంది. గిటార్ బాగు చేయించుకో, లేకపోతే వేరే అమ్మాయిని తీసుకుంటాం అన్నారు మా బ్యాండు వాళ్లు."

పార్థసారథి గుడ్డ మడత పెట్టాడు. నాలుగు మూలలూ కలిసేలా.

"మీ అన్నయ్య వాయించలేదా దాంతోనే? వాడికి కలిసిన శ్రుతి నీకెందుకు కలవదు? సాధన చాలక."

"అన్నయ్యకీ చెయ్యి గీరుకుపోయేది. టేపు చుట్టుకుని వాయించేవాడు. మీరెప్పుడూ చూళ్లేదు."

ఆ మాట తగిలింది. అతను లేచి గిటార్‌ని గోడకి ఆనించాడు. "తీగలు మార్చుకో. నేనేమన్నా అన్నానా? ఆ ముక్క జోలికి మాత్రం వెళ్లకు, వర్షిణీ. ఇంకోసారి ఆ మాటెత్తకు."

ఆఫీసు చార్టర్డ్ బస్సు వేళయిందని స్నానానికి వెళ్లిపోయాడు. అరుంధతి పసుపూ కొబ్బరినూనే తెచ్చి కూతురి చేతికి రాసింది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఏది ఎక్కడికి పోతుందో ఆ ఇంట్లో అందరికీ భయమే.

నిజానికి శ్రుతి కలవని సంగతి వర్షిణి ఏడాదికి పైగా లోపల దాచుకుంది. లోపం తన వేళ్లదే అనుకుంది. అన్నయ్య అదే గిటార్ మీద పై మెట్ల దాకా వెళ్లి వాయిస్తే ఎంత శుభ్రంగా పలికేదో ఆమెకి గుర్తుంది. తను వాయిస్తే పలకట్లేదంటే తనకి చేతకాదనేగా. ఎన్నో సాయంత్రాలు తలుపేసుకుని అవే నాలుగు స్వరాలు వాయించి, ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చింది. అన్నయ్య పోయిన ఇంట్లో మిగిలినది తనేనన్న సంగతి ఆమెకి కలిగించినది ధైర్యం కాదు, సిగ్గు.

శనివారం కాలేజీ నుంచి వస్తూ, గిటార్ సంచీతో మొహమ్మద్‌పూర్‌లోని కుల్వంత్ సింగ్ గదికి వెళ్లింది. గిటార్లూ మైకులూ బాగుచేసే పెద్దాయన. కిరీటి ఆయన దగ్గరికే వెళ్లేవాడు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని బ్రిడ్జిని దీపం కింద పెట్టి చూశాడు.

"వీటినిలా ఒకే వరసలో ఎవరు పెట్టారు బేటీ?" అన్నాడు హిందీలో.

బ్రిడ్జి మీద తీగకొకటి చొప్పున ఆరు చిన్న ఇనప దిమ్మలు ఉన్నాయి. ఆరూ గీత గీసినట్టు సమంగా ఉన్నాయి.

"ఇలాగే ఉండాలి కదా అంకుల్?"

"ఉండకూడదు. లావు తీగకి కొంచెం పొడవెక్కువ కావాలి, సన్న తీగకి తక్కువ. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, చూడ్డానికి వంకరగానే ఉంటాయి. అప్పుడే కింది నుంచి పై దాకా శ్రుతి నిలుస్తుంది. నీ భయ్యా ఆ స్టూలు మీదే కూర్చుని మూడు గంటల పాటు సరిచేసుకున్నాడు వీటిని. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఒక్కో తీగా వింటూ, వెంట్రుకవాసి తిప్పుకుంటూ. ఆ జ్వరాల ముందు వారమే అది." ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరో మొత్తం చెరిపేశారు."

వర్షిణి తన వేళ్ల వైపు చూసుకుంది. అంటే లోపం తన వేళ్లలో లేదు. ఆ సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. అన్నయ్య చేత్తో ఆఖరుసారి పెట్టినది ఇక లేదు.

కుల్వంత్ సింగ్ స్క్రూలు తిప్పి చూశాడు. తుప్పుకి బిగుసుకుపోయాయి. రెండింటి తలలు అరిగి ఊడిపోయాయి. "ఇక ఇది కదలదు. మార్చాల్సిందే," అని సొరుగులోంచి ఒక కొత్త బ్రిడ్జి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. పైన నున్నగా ఉంది, ఎక్కడా గుచ్చుకోలేదు. "బిగించమంటావా?"

బిగించెయ్యమని నోటిదాకా వచ్చింది. కాని తండ్రి రోజూ పొద్దున్నే గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చునే తీరు కళ్లముందు కదిలింది. "వద్దంకుల్. నాన్నకి చెప్పి తెస్తాను," అని దాన్ని పొట్లం కట్టించి సంచీలో వేసుకుని ఇంటికొచ్చింది.

మర్నాడు ఆదివారం. అరుంధతి వంటింట్లో మెంతికూర ఒలుస్తోంది. గిటార్ సంచీలో దుమ్ముందేమో దులుపుదామని తీసిన పార్థసారథికి పొట్లం దొరికింది. విప్పి చూశాడు. అతనికి విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"వర్షిణీ."

ఆమె వచ్చింది. అతని చేతిలో ఉన్నది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వద్దని చెప్పానా లేదా? చెప్పాక కూడా దొంగతనంగా తెచ్చుకుంటావా? నీకు ఫెస్టు ముఖ్యం, స్నేహితులు ముఖ్యం. పోయినవాడి వస్తువొక్కటి ఉన్నదున్నట్టు ఉంచుదామంటే నీకు చెయ్యి నొప్పెట్టిందా?"

"బిగించలేదు నాన్నా. మిమ్మల్ని అడుగుదామనే తెచ్చాను."

"అడగడానికేముంది? అది వాడి చెయ్యి పడ్డ చోటు. వాడి చెమట ఉంది దాని మీద. అది తీసి అవతల పారేసి, ఈ తళతళలాడేది పెట్టుకుంటావా? నీకు మనసెలా ఒప్పుతుంది?"

వర్షిణి గాయమున్న చెయ్యి ముందుకి చాపింది.

"అన్నయ్య చెమటకున్న విలువ నా రక్తానికి లేదా నాన్నా?"

అరుంధతి మెంతికూర వదిలేసి వచ్చింది. ఆ మాట విని అక్కడే నిలబడిపోయింది.

"ఏం మాటలే అవి," అన్నాడు పార్థసారథి.

"ఏడాది నుంచి నాకే చేతకాదనుకుని చస్తున్నాను. నిన్న కుల్వంత్ అంకుల్ చూపించారు. ఆ దిమ్మలు ఆరూ వంకరగా ఉండాలిట. అన్నయ్య మూడు గంటలు కూర్చుని, చెవితో విని, వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టుకున్నాడట. జ్వరం రావడానికి ముందు వారం. ఎవరో వచ్చి వాటన్నిటినీ ఒక్క వరసలోకి తోసేశారు. అన్నయ్యది ఆ గిటార్‌లో ఇంకేం మిగల్లేదు నాన్నా. ఇంట్లోకి ఎవరొచ్చారు? ఎవరు ముట్టుకున్నారు దాన్ని?"

పార్థసారథి చేతిలో పొట్లం మంచం మీద పెట్టాడు. దాన్ని మంచం అంచుకి సమంగా జరపబోయి, ఆగిపోయాడు.

అరుంధతి భర్త మొహంలోకి చూసింది. ఇరవై ఆరేళ్ల కాపురం. ఆమెకి అడగవలసిన అవసరం రాలేదు.

"నేనే," అన్నాడు అతను.

వంటింట్లో కుక్కరు కూత వేసి ఆగింది.

"పదకొండో రోజు తరవాత. అందరూ వెళ్లిపోయారు. ఏం చెయ్యాలో తోచక ఇది పట్టుకు కూర్చున్నాను. ఆ దిమ్మలు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, చిందరవందరగా ఉన్నాయి. వాడి పనంతా ఇంతే కదా అనుకున్నాను. చొక్కా తగిలిస్తే వంకర, పుస్తకం పెడితే వంకర. పోతూ పోతూ ఇది కూడా ఇలాగే పెట్టిపోయాడు అనుకున్నాను. స్కేలు పెట్టి, ఆరూ తిన్నగా సర్ది, బిగించాను." అతను నోరు తుడుచుకున్నాడు. "వాడికి నేను చేసిన ఆఖరి పని అదే అనుకున్నాను, అమ్మా. బాగా చేశాననుకున్నాను."

వర్షిణికి కోపం ఉంది. అనవలసిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి. కాని తండ్రి తనని ‘అమ్మా’ అని పిలిచి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

పార్థసారథి చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. భోజనాల వేళకి రాలేదు. ఆ చలిలో సెక్టార్ పార్కులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడని కింది క్వార్టరు ఆంటీ చెప్పింది.

అరుంధతి కూతురి గదిలోకి వెళ్లి పక్కన కూర్చుంది. "నాకు మొదటి రోజే తెలిసిందే," అంది.

వర్షిణి తలెత్తింది.

"తెనాలిలో ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్న చెవి నాది. మెట్టు గింజంత జరిగితే పట్టేసేదాన్ని. వాడు పోయాక నువ్వు మొదటిసారి అది వాయించిన రోజే పై షడ్జం కలవలేదని విన్నాను. నీ వేలు సరిగ్గా పడట్లేదనుకున్నాను. చెబితే ఎక్కడ మానేస్తావోనని ఊరుకున్నాను. నువ్వు మానేస్తే ఈ ఇంట్లో ఇక చప్పుడే ఉండదు. ఒక్క మాట చెప్పుంటే నీకింత ఏడుపు తప్పేది."

"నువ్వు కూడానా అమ్మా," అంది వర్షిణి. తల్లి ఒళ్లో తల పెట్టుకుని, అన్నయ్య పోయినప్పుడు కూడా అంతగా ఏడవనిది, ఇప్పుడు ఏడ్చింది. అరుంధతి ఓదార్చలేదు. తనూ ఏడ్చింది.

నాలుగున్నరకి పార్థసారథి తిరిగొచ్చాడు. ముక్కూ చెవులూ ఎర్రబడి ఉన్నాయి. పనిముట్ల డబ్బా కిందికి దించి స్క్రూడ్రైవర్ తీశాడు. ముందుగదిలో చాప మీద పాత దుప్పటి పరిచి, గిటార్‌ని దాని మీద పడుకోబెట్టాడు.

"వర్షిణీ, ఇలా రా. ఎలా తియ్యాలో చెప్పు. తెలుసుకోకుండా ఇంకేదీ ముట్టుకోను."

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని తీగలు వదులు చేసింది. అతను బ్రిడ్జిని చెక్కకి బిగించిన మరలు ఒక్కొక్కటే విప్పాడు. చివరిది విప్పాక కూడా పాత బ్రిడ్జి లేవలేదు. తుప్పుతో చెక్కకి అంటుకుపోయింది. దాన్ని లాగడానికి అతనికి చేతులు రాలేదు. రెండుసార్లు పట్టుకుని వదిలేశాడు.

"నేను తియ్యనా నాన్నా?"

"వద్దు. నేనే తియ్యాలి."

లాగాడు. కింద చెక్క మీద పలకంత మేర రంగు మాయకుండా ఉంది, ముదురు ఎరుపు. మిగతా గిటార్ అంతా ఎండకీ చెమటకీ వెలిసిపోయింది గాని అక్కడ మాత్రం కొన్న రోజు రంగే. ముగ్గురూ దాన్ని చూశారు. తరవాత అతను కొత్త బ్రిడ్జిని దాని మీద పెట్టి మరలు బిగించాడు.

"ఇప్పుడు ఎవరు వినాలి?" అన్నాడు.

అరుంధతి తడిచేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి కూర్చుంది. పెళ్లయి ఢిల్లీ వస్తూ వీణని చెల్లెలికి ఇచ్చి వచ్చిన మనిషి. మళ్లీ ఒక తీగ ముందు అలా కూర్చోవడం అదే మొదలు. వర్షిణి తీగని ఖాళీగా మీటి, తరవాత సరిగ్గా సగం దగ్గర నొక్కి మీటింది.

"పై స్వరం ఎక్కువైంది," అంది అరుంధతి కళ్లు మూసుకుని. "దిమ్మని వెనక్కి తియ్యండి. అంత కాదు. కొంచెం."

అతను తిప్పాడు. వర్షిణి తీగ మళ్లీ శ్రుతి చేసి మీటింది.

"ఇంకా ఉంది. కొద్దిగా. ఆఁ, దాటిపోయారు. వెనక్కి రండి."

ఒక్కో తీగకీ అలాగే. సెక్షన్‌లో పద్నాలుగు మందికి పని చెప్పే మనిషి, భార్య చెప్పినంత మేరకే మర తిప్పుతూ కూర్చున్నాడు. ఆరో తీగ అయ్యేసరికి అతని నడుం పట్టేసింది. వంగి చూశాడు. ఆరు దిమ్మలూ ఆరు చోట్ల ఉన్నాయి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, చిందరవందరగా.

అతని చూపుడువేలు వాటి దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది.

"అరుంధతీ," అన్నాడు. "వాడు బతికున్నన్నాళ్లూ తిన్నగా పెట్టు, తిన్నగా పెట్టు అని చంపుకు తిన్నాను. ఒక్కరోజైనా పక్కన కూర్చుని వాడు వాయించింది విన్లేదు. విని ఉంటే తెలిసేది. పోయాక కూడా అదే పని చేశాను. వాణ్ని తుడిచేసి, తుప్పు దాచుకున్నాను."

ఏడవడం చేతకాని మనిషి ఏడుపు చూడ్డం కష్టం. చప్పుడు చెయ్యకుండా, భుజాలు కదులుతూ ఏడ్చాడు. పదిహేను నెలల్లో అతను ఏడవడం వాళ్లిద్దరూ చూడలేదు. వర్షిణి గిటార్ పక్కన పెట్టి, తండ్రి చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. పొద్దుట అన్న మాటకి క్షమించమని అడగలేదు. ఆ మాట నిజమే కాబట్టి అతనూ అడిగించుకోలేదు.

కొంతసేపటికి అతను కళ్లు తుడుచుకుని అడిగాడు. "వాడు పెట్టినట్టే వచ్చిందంటావా?"

అవునని చెప్పాలనిపించింది వర్షిణికి. కాని ఆ ఇంట్లో అలా ఊరడించే మాటలు, అలా మూసుకున్న నోళ్లు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

"లేదు నాన్నా. అన్నయ్య తీగలు నా తీగల కన్నా లావు. అన్నయ్యది వేరేగా ఉండేది. అది నాక్కూడా తెలీదు."

అతను తలూపాడు. తల చాలాసేపు ఊగుతూనే ఉంది.

వర్షిణి గిటార్ ఒళ్లోకి తీసుకుంది. కుడి అరచెయ్యి బ్రిడ్జి మీద ఆనించింది. ఎక్కడా గుచ్చుకోలేదు. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటే ఎక్కుతూ, ఏడాదిగా తను భయపడుతున్న ఆ పై స్వరాల దాకా వెళ్లింది. స్వరం శుభ్రంగా పలికింది. తన వేళ్ల మీద తనకి నమ్మకం రావడానికి అదే స్వరాన్ని ఇంకోసారి వాయించింది. అరుంధతి కళ్లు తెరవలేదు.

పార్థసారథి లేచి వెళ్లలేదు. గోడకి చేరగిలబడి, మోకాళ్లు ముడుచుకుని, చివరిదాకా కూర్చున్నాడు. ఆమె ఆపాక అన్నాడు, "బాగుంది. ఇక దీన్ని ఇలాగే ఉంచుదాం. ఎవరూ కదపకుండా చూసుకుంటాను."

"కుదరదు నాన్నా," అంది వర్షిణి మెల్లిగా. "తీగలు మార్చినప్పుడల్లా మళ్లీ కదపాలి. చలి పోయి ఎండలొస్తే మళ్లీ కదపాలి. ఒకసారి పెట్టి దాచుకునేది కాదు ఇది."

బయట పొగమంచు మళ్లీ దిగుతోంది. ఎదుటి క్వార్టర్ల లైట్లు మసకబారాయి.

"అయితే తీగలు మార్చే రోజు ముందుగా చెప్పు," అన్నాడు. "ఆ రోజు సెలవు పెడతాను."